కాటా దగ్గర రెండేళ్లు కూర్చున్నవాడిగా చెబుతున్నా

చమురు, వజ్రాలు ఉన్న దేశాల్లో కొన్ని మాత్రమే అవినీతిలో మునిగిపోకుండా ఎట్లా బాగుపడ్డాయని అడిగారు. నేను ఎకనామిక్స్ చదవలేదు. కడప జిల్లా ఎర్రగుంట్ల పక్కన ఒక నాపరాయి క్వారీలో రెండేళ్లు కాటా దగ్గర పనిచేశా. లారీ తూకం వేసి పర్మిట్ చేతికివ్వాలి. దాని మీద తేదీ, టైము మాత్రం రాయొద్దనేవాళ్లు. దారిలో చెకింగ్ ఉందని ఫోన్ వస్తే డ్రైవరే రాసుకునేవాడు. రాకపోతే అదే కాగితంతో రెండో ట్రిప్పు, మూడో ట్రిప్పు. రాయల్టీ, అంటే తవ్విన రాయికి సర్కారుకు కట్టే డబ్బు, కట్టేది ఒక్కదానికే. ఆ ఫోన్ చేసేది ఎవరనుకున్నారు? చెకింగ్‌కు వచ్చేవాళ్లలోనే ఒకడు.

అందుకే నార్వే గురించి చదివితే, చమురు డబ్బు దాచిపెట్టే, అందరూ పొగిడే వాళ్ల నిధి కంటే ముందు నాకు ఇంకొకటి కనబడింది. 1969లో సముద్రంలో చమురు పడింది. 1972లో ప్రభుత్వ చమురు కంపెనీ ఒకటి పెట్టారు, లెక్కా తనిఖీ చూసే డైరెక్టరేట్ వేరుగా పెట్టారు, విధానం మంత్రిత్వ శాఖకు వదిలారు. తవ్వేవాడూ, వాడి లెక్క చూసేవాడూ ఒకడు కాదు. నిధికి చట్టం 1990లో చేశారు, మొదటి డబ్బు 1996లో పడింది. అసలు సొమ్ము జోలికి పోకుండా, ఏటా రాబడి అంచనా మేరకే బడ్జెట్లో వాడుకోవాలని 2001లో నియమం పెట్టుకున్నారు. అప్పట్లో అది నిధిలో 4 శాతం, తర్వాత 3కి తగ్గించారు. ఆ డబ్బంతా విదేశాల్లోనే పెట్టుబడి పెడతారు, కాబట్టి ఊళ్లో బామ్మర్ది కంపెనీకి మళ్లించే వీలు లేదు. ఈ పొద్దు నిధి విలువ ఎంతో వాళ్ల వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు.

అయితే చమురు పడేనాటికే అక్కడ ఆఫీసులు, కోర్టులు, పత్రికలు గట్టిగా ఉన్నాయి. ఆ మాట చెప్పకుండా నార్వేను చూసి నేర్చుకోమనడం అన్యాయం. నాకు ఆఫ్రికాలోని బోట్స్వానా ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి బాగా పేద దేశం. మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి, అదీ అధ్యక్షుడు సెరెత్సే ఖామా సొంత తెగ నేల మీద. ఆయన మాత్రం ఖనిజ హక్కులు తెగలవి కావు, దేశానివని చట్టం చేయించాడు. తర్వాత వజ్రాల గనుల కంపెనీలో సర్కారు సగం వాటా తీసుకుంది. ఇప్పుడు ల్యాబులో తయారుచేసే వజ్రాలొచ్చి వాళ్లకూ టెన్షన్ మొదలైంది, అది వేరే కథ.

మన దగ్గర పర్మిట్లు ఆన్‌లైన్ అయ్యాయి, మంచిదే. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి కూడా ఉంది, గనుల వాళ్లు కట్టే డబ్బును గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకు ఖర్చుపెట్టేందుకు. మా ఊళ్లో ఆ పేరు విన్నవాళ్లు నాకు ఇద్దరే దొరికారు. అదే ఉపాధి హామీ చూడండి, 2006లో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. సోషల్ ఆడిట్ రోజున, అంటే పనుల లెక్కలు జనం ముందే సరిచూసే రోజున, మా అమ్మకు ఎన్ని దినాల కూలి పడిందో గ్రామసభలో పైకి చదివారు. రెండు దినాలు తగ్గాయని ఆమె లేచి నిలదీసింది, మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, తెరిచి చూపించాల్సి వచ్చింది. మా క్వారీ నుంచి ఆ నెలలో ఎన్ని లారీలు పోయాయో మాత్రం ఎవరూ చదవలేదు.