ఉదయగిరి చెక్క స్పూన్లు: కార్డు పిన్ని పేరు మీద రాదా?

ప్రశ్న: "మా పిన్ని ఉదయగిరిలో ఏళ్ళ తరబడి చెక్క స్పూన్లు చేస్తోంది. కార్డు మాత్రం బాబాయి పేరు మీద తీసుకోమంటున్నారు. ఆమెకు రాదా?"

వస్తుంది. కేంద్ర హస్తకళల విభాగం చేతిపనివాళ్ళకి గుర్తింపుగా ఇచ్చే 'పెహచాన్' కార్డు ఇంటికి ఒకటి కాదు, పనిచేసే మనిషికి ఒకటి. ఇద్దరూ చేస్తుంటే ఇద్దరూ తీసుకోవచ్చు.

చిక్కంతా చేతివృత్తులవాళ్ళ కోసం 2023లో మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మతో. అందులో కుటుంబానికి ఒక్కరే. భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు కలిపి ఒకే కుటుంబం లెక్క. మన ఇళ్ళలో ఆ ఒక్కరూ ఎవరవుతారో చెప్పక్కర్లేదు! పనిముట్లకు 15,000 రూపాయలు, తనఖా లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా లోను ఉన్నాయి కాబట్టి, అప్లై చేసే ముందే ఇంట్లో మాట్లాడుకోండి. 18 వృత్తుల జాబితాలో వడ్రంగం ఉంది, ఆ కింద ప్రయత్నించవచ్చు.

నన్నడిగితే పిన్ని పేరే పెట్టమంటాను. కర్ర కోసి తెచ్చేది బాబాయే కావచ్చు. కానీ ఫోర్కుకి పళ్ళు తీసి, పెదవికి గుచ్చుకోకుండా అంచులు ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసేది ఎవరు? కొనేవాడు వేలితో తడిమి చూసేది ఆ నునుపునే.

ఇంకొకటి. ఉదయగిరి చెక్క సామానుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, ఉంది. అది ఊరి పనితనానికి వచ్చింది. దాన్ని వాడుకునే హక్కుదారుగా ఆమె విడిగా నమోదు చేసుకోవాలి. పనిచేస్తున్న ఫొటోలు, అమ్మిన బిల్లులు ఆమె పేరు మీద దాచిపెట్టండి.