పడవ ప్రయాణం గురించి సుధకు అత్తయ్య ఉత్తరం

చి.సౌ. సుధకు,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన పట్టిక రెండుసార్లు చదివాను. శనివారం క్రొయేషియాలోని స్ప్లిట్‌లో యాట్ ఎక్కి, హ్వార్, కొర్చులా, మ్ల్యెట్, దుబ్రోవ్నిక్ చూసుకుని వారం తిరిగేసరికి మళ్ళీ స్ప్లిట్ చేరాలని రాశావు. కోపగించుకోకమ్మా, అందులో సగం ఊళ్ళు కొట్టెయ్యి.

ముందు లెక్క చూడు. తెరచాప పడవ మామూలుగా ఐదారు నాట్ల వేగంతో వెళ్తుంది. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు వెళితే అది ఒక నాట్. ఇంజిన్ వేసుకున్నా గంటకు పది పన్నెండు కిలోమీటర్లకు మించి ఆశించకూడదు. స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్‌కు రానూపోనూ దాదాపు రెండు వందల నాటికల్ మైళ్ళు. పైగా నీకున్నవి ఏడు రోజులు కావు. అక్కడ పడవలు శనివారం నుంచి శనివారానికి అద్దెకిస్తారు. తాళాలు చేతికొచ్చేది తొలి శనివారం సాయంత్రం ఐదింటికి. తిరిగి మరీనాకు, అంటే యాట్లు నిలిపే రేవుకు, చేరాల్సింది శుక్రవారం సాయంత్రానికి. మర్నాడు పొద్దున్నే సామాను దించేయాలి. మిగిలిన ఆరు రోజుల్లో రోజుకు ఆరేడు గంటలు కదులుతూనే ఉంటే ఊళ్ళు దూరం నుంచి కనిపిస్తాయి, అంతే.

మొదటిసారి మేము ఇదే పొరపాటు చేశాం. మూడో రోజున ఆగ్నేయం నుంచి గాలి మొదలైంది. పట్టికలో మ్ల్యెట్ అని రాసుకున్నాం కనుక మ్ల్యెట్ చేరాల్సిందేనని మొండికేశాం. ఎనిమిది గంటలు ఎదురుగాలిలో ఇంజిన్ మీద వెళ్ళాం. మీ మామయ్య వాంతులతో నీరసించి, తలెత్తలేక పడుకున్నారు. కొర్చులా కోటగోడలను పడవలోంచే చూసి దాటిపోయాం. ఆ ఊళ్ళో ఒక్క సాయంత్రం ఆగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ తర్వాత మూడుసార్లు వెళ్ళాం. రోజుకు పదిహేను నాటికల్ మైళ్ళు దాటకూడదన్న నియమం తప్పనిసరైతే తప్ప మీరలేదు.

అందుకని నా మాట విని మధ్య డాల్మేషియాలోనే, అంటే స్ప్లిట్ చుట్టుపక్కల ద్వీపాల మధ్యే ఉండండి. క్రొయేషియా తీరంలో వెయ్యికి పైగా ద్వీపాలు, లంకలు ఉన్నాయి. వాటిలో మనుషులు నివసించేవి యాభై లోపే. వారానికి నాలుగు చాలు. తొలి రాత్రి మరీనాలోనే పడుకోండి. ఆ సాయంత్రం రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ భవనంలో నడవండి. క్రీ.శ. 305 ప్రాంతంలో కట్టిన ఆ భవనం గోడల మధ్య ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు, బట్టలు ఆరేసుకుంటున్నారు. ఆదివారం బ్రాచ్ ద్వీపంలోని మిల్నా. పదో పన్నెండో మైళ్ళు, అంతే. పడవ కదలికకు ఒళ్ళు అలవాటు పడడానికి అంతకన్నా మంచి మొదటి మజిలీ లేదు.

సోమవారం స్టారి గ్రాడ్. హ్వార్ ద్వీపానికి వెళ్ళేవాళ్ళంతా హ్వార్ పట్టణానికే పరుగెత్తుతారు. నాకు స్టారి గ్రాడే ప్రాణం. క్రీ.పూ. 384లో పారోస్ ద్వీపం నుంచి వచ్చిన గ్రీకులు దాన్ని స్థాపించారు. ఊరి వెనుక మైదానాన్ని వాళ్ళు రాతిగట్లతో పొలాలుగా విభజించారు. ఇరవై నాలుగు శతాబ్దాల తర్వాత కూడా అవే గట్ల మధ్య ద్రాక్ష, ఆలివ్ పండుతున్నాయి. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పిల్లలకు సైకిళ్ళు అద్దెకు తీసుకుని ఆ పొలాల మధ్యకు పంపించు.

మంగళవారం పాక్లెని దీవులు. హ్వార్ పట్టణం చూడాలనిపిస్తే ఆ దీవుల్లోని పల్మిజానాలో పడవ కట్టి, టాక్సీ పడవలో వెళ్ళి రండి. పట్టణం రేవులో నిలబడితే వేసవిలో రాత్రంతా సంగీతం, వచ్చిపోయే పడవల కుదుపు. మీ నాన్నకు నిద్ర పట్టదు.

బుధ, గురువారాలు విస్ ద్వీపానికి కేటాయించు. అప్పట్లో క్రొయేషియా యుగోస్లావియాలో భాగం. ఆ దేశపు సైనిక స్థావరం కావడం వల్ల 1989 వరకు విదేశీయులను అక్కడికి రానివ్వలేదు. ఆ నిషేధం వల్లనే పెద్ద హోటళ్ళు రాలేదు, ఊరి రూపం చెడలేదు. జలాంతర్గాములను దాచడానికి కొండను తొలిచిన సొరంగం సముద్రం వైపు నోరు తెరుచుకుని ఇప్పటికీ కనిపిస్తుంది. పక్కనే బిషెవో ద్వీపంలో నీలి గుహ ఉంది. పొద్దున పది, పన్నెండు గంటల మధ్య ఎండ నీటి అడుగునుంచి లోపలికి చేరి గుహంతా నీలంగా వెలుగుతుంది. మన పడవ లోపలికి పోదు, అక్కడి చిన్న పడవల్లోనే వెళ్ళాలి. అలలు లేస్తే మూసేస్తారు. చూడగలిగితే సంతోషం. దానికోసం మాత్రం రోజులు సర్దుకోవద్దు. గురువారం మధ్యాహ్నం బయలుదేరి షోల్టా ద్వీపం దక్షిణ తీరంలోని ఏదైనా కయ్యలో, అంటే సముద్రం గట్టులోకి చొచ్చుకొచ్చిన చిన్న మలుపులో, రాత్రి ఆగితే, శుక్రవారం స్ప్లిట్ దగ్గరే. ఆ గురువారం ఒక్కరోజే ఇరవై మైళ్ళ దాకా అవుతుంది.

ఇంత వివరంగా రాసినా, దీన్ని కూడా పట్టికలా గోడకు అంటించుకోకు. అక్కడ దారి నిర్ణయించేది గాలి. మూడు గాలుల పేర్లు నేర్చుకో. వేసవి పగళ్ళలో వాయవ్యం నుంచి వీచేది మాయెస్త్రాల్. పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం బలపడి, సాయంత్రానికి చల్లబడుతుంది. అది స్నేహితుడి లాంటిది. తెరచాప ఎత్తి, ఇంజిన్ ఆపితే పిల్లలు ఆ నిశ్శబ్దానికి ఆశ్చర్యపోతారు. జుగో ఆగ్నేయం నుంచి వస్తుంది. మబ్బు, ఉక్క, వాన, రోజురోజుకూ పెరిగే అలలు. నెమ్మదిగా వస్తుంది కనుక తప్పించుకోవడానికి సమయం ఇస్తుంది. భయపడాల్సింది బూరాకు. ఈశాన్యం నుంచి, తీరంలోని కొండల మీద నుంచి ఒక్కసారిగా దూకుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే వస్తుంది. కొండ శిఖరాల మీద తెల్లటి మబ్బు టోపీలా కూర్చుంటే బూరా సూచన అని అక్కడివాళ్ళు చెబుతారు. జుగో, బూరా ఉన్న రోజున కదలకండి. ఊళ్ళోనే ఉండిపోయిన రోజు వృథా అయినట్టు అనుకోకు. డాల్మేషియాలో మాటకు ముందు ‘పొమాలో’ అంటారు, నెమ్మదిగా అని. నేను అక్కడ నేర్చుకున్న మొదటి మాట అదే.

ఇక పడవ సంగతి. సొంతంగా నడపాలంటే క్రొయేషియాలో నడిపేవారికి లైసెన్సు, పడవల్లో మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో ధ్రువపత్రం రెండూ ఉండాలి. అల్లుడు సరదా పడుతున్నాడని రాశావు. ఈసారికి స్కిప్పర్‌ను పెట్టుకోండి. మన భాషలో సరంగు అన్నమాట. అల్లుడు అతని పక్కన నిలబడి చుక్కాని పట్టుకోవడం నేర్చుకోవచ్చు. స్కిప్పర్ రోజు కూలీ పడవ అద్దెలో కలిసి ఉండదు. అతనికి ఒక క్యాబిన్ వదిలిపెట్టాలి, భోజనం మనదే. మీరు ఆరుగురు కనుక నాలుగు క్యాబిన్లు చూసుకో.

అద్దె అంకె చూసి ఖర్చు తేలిపోయిందనుకోకు. డిపాజిట్, ఇంధనం, మరీనా రుసుములు, చివరి శుభ్రతకు తీసుకునే డబ్బు, పర్యాటక పన్ను అన్నీ విడిగా అడిగి రాయించుకో. వంటమనిషితో సహా సిబ్బంది ఉండే పెద్ద మోటారు యాట్ల వైపు మనసు పోతే, అద్దెకు అదనంగా పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఖర్చుల కోసం ముందే కట్టించుకుంటారు. మీకు అది అవసరం లేదని నా అభిప్రాయం. చెల్లింపులన్నీ యూరోల్లోనే. క్రొయేషియా 2023 జనవరి 1న యూరోకు మారింది, అదే రోజున ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంగెన్ కూటమిలో చేరింది. వీసా అందుకు తగ్గట్టు చూసుకోండి.

మీ నాన్న మోకాళ్ళ గురించి ఆలోచించావా? ఒకే అడుగుభాగం ఉండే మామూలు తెరచాప పడవలో గదుల్లోకి దిగే మెట్లు నిచ్చెనలా నిట్టనిలువుగా ఉంటాయి. గాలికి పడవ పక్కకు ఒరిగినప్పుడు అన్నయ్య నిలబడలేడు. కాటమరాన్ అనే పడవకు పక్కపక్కన రెండు అడుగుభాగాలు ఉంటాయి కనుక అంతగా ఒరగదు, కూర్చునే హాలు డెక్‌తో సమంగా ఉంటుంది. మరీనాలో రుసుము ఎక్కువ పడుతుంది, పడనీ. ఇంకో మాట. కయ్యల్లో లంగరు వేస్తే గట్టుకు వెళ్ళాలంటే చిన్న రబ్బరు పడవలోకి దిగాలి. అది మోకాళ్ళకు పెద్ద పరీక్ష. అందుకని ఒక రాత్రి కయ్యలో ఉంటే, మర్నాటి రాత్రి రేవుగట్టుకు కట్టేలా చూడు. రేవులో కూడా పడవ వెనుక నుంచి గట్టుకు సన్నని పలక వేస్తారు. దాని మీద అన్నయ్యను చెయ్యి పట్టుకుని నడిపించండి.

మధ్యాహ్నం రెండింటికల్లా రాత్రి మజిలీకి చేరిపోండి. సాయంత్రం అయిదు తర్వాత మంచి చోట్లు మిగలవు. కొన్ని కయ్యల్లో కొనోబాలు ఉంటాయి, కుటుంబాలు నడిపే భోజనశాలలు. వాళ్ళ దగ్గర భోంచేస్తే నీళ్ళలో తేలే వాళ్ళ బోయకు పడవ కట్టుకోనిస్తారు. నిప్పుల కింద గంటలపాటు మగ్గే పేకా అనే మాంసం వంటకం తినాలంటే పొద్దున్నే ఫోను చేసి చెప్పాలి. వదిన మాంసం తినదు కదా, ఆకుకూర, బంగాళదుంపలు కలిపి ఆలివ్ నూనెతో చేసే బ్లిత్వా అడగండి.

ఆగస్టు అన్నావు. పిల్లల సెలవులు కుదిరితే జూన్ మొదట్లోనో, సెప్టెంబర్ మొదట్లోనో వెళ్ళండి. ఆగస్టులో అద్దెలూ ఎక్కువ, రేవుల్లో రద్దీ ఎక్కువ. సెప్టెంబర్‌లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

గట్టి సూట్‌కేసులు వద్దు, వాటిని పెట్టే చోటే ఉండదు. మడిచి దాచగలిగే గుడ్డ సంచులు తెండి. రాతి తీరాల్లో ముళ్ళకాయల్లా సముద్రపు అర్చిన్లు ఉంటాయి, అందరికీ నీటి చెప్పులు ఉండాలి. తలతిరుగుడు మాత్రలు ఇబ్బంది మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయవు, బయలుదేరకముందే డాక్టరును అడిగి వేసుకోండి. పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అద్దెకిచ్చేవాళ్ళను ముందే అడుగు. ఎక్కిన రోజున తొడిగి చూసి మరీ తీసుకో. మంచినీళ్ళ ట్యాంకులో ఉండేవి కొన్ని వందల లీటర్లే, స్నానాలు క్లుప్తంగా చేయాలని పిల్లలకు ఇక్కడే చెప్పు. పడవ టాయిలెట్‌లో కాగితం వేయకూడదు. సముద్రంలో ప్రమాదం వస్తే 195కు ఫోను చేయాలి, రేడియోలో అయితే 16వ ఛానెల్. ఈ రెండూ స్కిప్పర్‌కే కాదు, అల్లుడికీ నీకూ తెలిసి ఉండాలి.

శుక్రవారం మధ్యాహ్నం స్ప్లిట్‌లో ఇంధనం బంకు దగ్గర పడవలన్నీ ఒకేసారి వరుస కడతాయి. మీరు ముందే చేరుకుని ట్యాంకు నింపేసుకోండి. చివరి సాయంత్రం వరుసలో పోగొట్టుకోవద్దు.

నువ్వు చూసిన రెండు కాటమరాన్ల గదుల పటాలు, మెట్ల ఫోటోలు నాకు పంపు. అన్నయ్య ఎక్కడ పడుకుంటాడో, రాత్రి లేస్తే బాత్‌రూముకు ఎన్ని మెట్లు ఎక్కి దిగాలో చూసి చెబుతాను. అంతవరకు అడ్వాన్సు కట్టకు.

ప్రేమతో,
అత్తయ్య