నీళ్ల ట్యాంకు కింద తేనెపట్టు, షెడ్డు గోడలో ఇంకొకటి: పెట్టెలోకి ఏది వస్తుంది?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. మేడ మీద నీళ్ల ట్యాంకు కింద చాటంత తేనెపట్టు పట్టింది. బోరు షెడ్డు గోడ కంతలో ఇంకొకటి ఉంది. చిన్నపిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది. చంపకుండా రెండింటినీ పెట్టెల్లోకి ఎక్కించి పొద్దుతిరుగుడు చేలో పెట్టుకోవచ్చా? – ఒక రైతు

జవాబు: చంపకుండా అన్నారు, చాలా సంతోషం. అయితే ఆ రెండూ ఒకే జాతి కావు. ట్యాంకు కింద బయటికి వేలాడే ఒకే ఒక్క పెద్ద పట్టు కొండ తేనెటీగది. ఇది పెట్టెలో ఉండదు, ఎంత నేర్పరి ఎక్కించినా లేచిపోతుంది. చుట్టుపక్కల పూత అయిపోగానే తనంతట తానే వలసపోతుంది కాబట్టి అప్పటిదాకా మేడ మెట్లకు తాళం వేయండి, రాత్రి ఆ వైపు లైటు వేయకండి (వెలుతురుకు ఇంట్లోకి వచ్చేస్తాయి). రాళ్లు, మంట, పురుగుమందు జోలికి అసలు పోవద్దు. ఒక్క ఈగ కుట్టినా ముల్లు దగ్గర అరటిపండు లాంటి వాసన వస్తుంది, ఆ వాసనే మిగతావాటికి పిలుపు, గుంపంతా మీద పడి చాలా దూరం తరుముతుంది. ఈగలు వెళ్లిపోయాక మైనం శుభ్రంగా గీకేయండి, లేకపోతే మళ్లీ అక్కడికే రావచ్చు.

గోడ కంతలో పక్కపక్కనే చాలా పట్టులు కనిపిస్తే అది పుట్ట తేనెటీగ, మనం పెంచుకునేది ఇదే. మొదటిసారి మాత్రం ఒంటరిగా చేయొద్దు, పెంపకం తెలిసినవాళ్లను పిలవండి, ఎవరూ తెలియకపోతే కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లో అడగండి. ముందు షెడ్డుకు కరెంటు ఆపేయాలి. సాయంత్రం ముసుగు వేసుకుని, కొద్దిగా పొగపెట్టి, పిల్ల పురుగులున్న పట్టులను ఒక్కొక్కటే కోసి, పైభాగం పైకే ఉండేలా పెట్టెలోని చట్రాలకు అరటినారతో కట్టాలి. తేనె ఉన్న ముక్కలు పెట్టెలో పెట్టకండి, కారి చీమలు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం రాణి ఈగ. అది లోపలికి చేరిందంటే మిగతావి వాటంతట అవే వస్తాయి, అది గోడలోనే ఉండిపోతే మీ శ్రమంతా వృథా. రాణి బయటికి పోకుండా పెట్టె గుమ్మానికి రాణి గేటు (మామూలు ఈగలు దూరగలిగి, రాణి మాత్రం దూరలేని సన్న సందుల అడ్డు) పెట్టి, పట్టులు చట్రాలకు అతుక్కునేదాకా కొన్నాళ్లు ఉంచండి, సాయంత్రాలు చక్కెర, నీళ్లు సమానంగా కలిపిన పానకం ఇవ్వండి.

పెట్టెను ఆ రాత్రే వంద గజాల అవతల పెడితే మేతకెళ్లిన ఈగలు తెల్లారి పాత గోడకే వస్తాయి. మీ చేను రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే చీకటి పడ్డాక గుమ్మం మూసి, గాలి ఆడేలా చూసి తీసుకెళ్లండి. దగ్గరే అయితే రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున జరుపుతూ వెళ్లాలి, ఓపిక పట్టాల్సిందే. కంతలో మైనం గీకి సిమెంటుతో మూసేయండి. చేనంతా పూతమీద ఉన్నప్పుడు మాత్రం మందు కొట్టకండి, ఈగలు తిరిగితేనే గింజ బాగా కడుతుంది.

ఎవరినైనా కుడితే అక్కడినుంచి దూరంగా పోయి ముల్లును వెంటనే గోటితో గీకి తీసేయండి. ఎక్కువ కుట్లు పడినా, ఒక్క కుట్టుకే ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం పెట్టుకోకుండా 108కు ఫోన్ చేయండి.