ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టెలిస్కోప్ అద్దం రుద్దాల్నా?

మెకానికల్ ఫైనల్ ఇయర్, ఆప్టిక్స్ రాదు, ఒక్క సెమిస్టర్ల టెలిస్కోప్ ప్రాజెక్ట్ అయితదా, అద్దం మేమే రుద్దుకోవాల్నా అని అడిగినవ్ గద తమ్మీ. అద్దం జోలికి పోకు. ఆరించుల ఎఫ్/8 (ఫోకల్ దూరం వెడల్పుకి 8 రెట్లు) అద్దానికి నడిమిట్ల లోతు 1.2 మిల్లీమీటర్లే, కార్బొరండం అనే గరుకు పొడి పెట్టి రుద్దితే వస్తది, కానీ ఆఖరి పాలిష్‌ల తేడా 70 నానోమీటర్ల లోపల ఉండాలె, అద్దం వంపు సరిగుందో లేదో చూసే నైఫ్ ఎడ్జ్ టెస్ట్ నీడలు చదవడం వచ్చేసరికే నీ సెమిస్టర్ ఒడుస్తది.

మేం చేసింది బార్న్ డోర్ ట్రాకర్, అంటే భూమి తిరిగినా ఫోటోల చుక్కలు గీతలు కాకుండ కెమెరాను వాటెంబడి తిప్పేది. రెండు ప్లైవుడ్ చెక్కలు, ఒక అంచున తలుపు బందులు, పై చెక్కను లేపే ఎం6 (6 మిల్లీమీటర్ల) మర రాడ్, మీద కెమెరా. ఎం6 మర చుట్టుకి 1 మిల్లీమీటర్ లేపుతది, చుక్కల లెక్కల భూమి ఒక్కసారి తిరగనీకె 1436 నిమిషాలు, అంటే నిమిషానికో చుట్టు తిప్పుదామంటే చుట్టుకొలత 1436 మిల్లీమీటర్లు అయ్యే వృత్తం కావాలె, దాన్ని 2π తోటి భాగించు, బందు నుంచి రాడ్ దూరం 228.5 మిల్లీమీటర్లు. రంగాపూర్ల ఉస్మానియా వాళ్ల 48 ఇంచుల టెలిస్కోప్‌ను మోసే మౌంట్ కట్టింది గూడ ఇదే పనికి, అది పెద్దది, మనది చెక్కది.

దేవరకొండ దిక్కు మా చేన్ల పెట్టి మొదటి ఫోటో 3 నిమిషాలు తీస్తే చుక్కలన్నీ వంకర గీతలే వచ్చినయ్. లెన్స్ మీద అనుమానపడి రెండు రాత్రులు ఖరాబ్ చేసుకున్నం, తీరా చూస్తే బందుల పిన్నుకీ బొక్కకీ నడుమ సందు, చెక్క పట్టి ఊపితే టకటక అంటుంది. సైకిల్ ట్యూబ్ ముక్క కట్టి ఒక్క దిక్కే గుంజిపెట్టినం, సాఫ్ అయింది. ఇంకోటి, బందుల పిన్ను ధ్రువ నక్షత్రం దిక్కు చూడాలె, మన దగ్గర అది 17 డిగ్రీల ఎత్తులనే ఉంటది, ఉత్తరం దిక్కు తాటిచెట్లున్న గట్టున కూసుంటే అస్సలు కనపడదు, జాగ ముందే పగటిపూట చూసి పెట్టుకో.

రాడ్ నిటారుగ ఉంటది కాబట్టి టాంజెంట్ ఎర్రర్ వస్తది, అంటే రాడ్ సమానంగ లేపినా చెక్క తిరిగే కోణం సమానంగ పెరగదు, 10 నిమిషాలకి తేడా 6 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను డిగ్రీల 3600వ వంతు), 50 ఎంఎం లెన్స్‌కి అది కనపడనే కనపడదు, 20 నిమిషాలకి 46 అయితది. ఆ గ్రాఫ్ రిపోర్ట్‌ల పెట్టు, మా ఎక్స్‌టర్నల్ వైవాల దాని మీదనే పట్టుకున్నడు.