మీ చిన్నతనంలో ఊళ్లో అందరూ కలిసి వ్యవసాయం చేసేవారంటారు, నిజమేనా?

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి, "మా అమ్మమ్మ ఎప్పుడూ అదే చెప్తుంది, మీకు ఐకమత్యం లేదని తిడుతుంది" అని కూడా రాసింది. మీ అమ్మమ్మ అబద్ధం చెప్పట్లేదు. కలిసే చేసేవాళ్లం. కానీ ప్రేమ పొంగిపొర్లి కాదు. లెక్క ఉండేది, ఆ లెక్కంతా ఆడవాళ్ల చేతిలో ఉండేది.

నేను పుట్టింది 1966లో, నల్లగొండ జిల్లా చండూరు వైపు ఒక ఊళ్లో. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉన్నా దాని ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పోయింది. మాది చెల్క. వాన పడితే పంట, పడకపోతే మొగులు దిక్కు చూడటం. తిండికి జొన్న, సజ్జ. పప్పుకు కంది, పెసర. చేతిలో పైసలు ఆడాలంటే ఆముదం. ఆముదాలు అమ్మితేనే షావుకారి బాకీ తీరేది.

మా ఇంట్లో నడింటి తలుపు వెనక గోడ మీద బొగ్గు గీతలు ఉండేవి. అవి మా అమ్మ పెట్టుకున్న 'బదులు' లెక్కలు. బదులంటే కూలి లేకుండా పనికి పని. మా చేన్లో కలుపుకు ఒకామె ఒక దినం వస్తే ఒక గీత. అమ్మ ఆమె చేనుకు ఒక దినం పోయి వస్తే, సాయంత్రం కాళ్లు కడుక్కుని అదే తడి వేలితో ఆ గీత తుడిచేసేది. అందుకే అక్కడ గోడ ఎప్పుడూ మసిమసిగా ఉండేది. ఎవరి వరుస ఏదో పేర్లేం లేవు. పై వరుస ఎదురింటి వదినెది, దాని కింద మాలి పటేల్ ఇంటి పక్కన ఉండే చిన్నమ్మది, ఇట్లా అంతా అమ్మ తలలోనే. అమ్మకు అక్షరం ముక్క రాదు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నోటుబుక్కులో రాసిస్తానన్నాను. "నీ బుక్కు ఎలుకలు కొడ్తయి, నా గోడ కొట్టయి" అంది.

మాపటి పూట వదినె గడప దగ్గరికొచ్చి, "ఏమే, రేపు మా చెల్కల కలుపున్నది, బదులుకొస్తవా?" అని అడిగేది. అమ్మ వెంటనే సరే అనేది కాదు, ఒకసారి తలుపు వెనక్కి పోయొచ్చి చెప్పేది. పొద్దెక్కి వచ్చినదానికి సగం గీతే. ఈ సగం గీతల మీద జరిగిన కొట్లాటలు రాస్తే అదొక పురాణం. ఒక ఏడు మా చిన్నమ్మ, అమ్మ సగం దినం కోసం రెండు నెలలు మాట్లాడుకోలేదు, అయినా కలుపుకు మాత్రం ఒకరి చేనుకు ఒకరు పోయారు. పక్కపక్క సాళ్లలో కూచుని, మాట్లాడకుండా.

నాకు బాగా నచ్చిన లెక్క ఇంకొకటి. నాలుగిళ్ల అవతల ఒక అత్తమ్మ ఉండేది. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పటిక, సున్నం వేసి నీళ్లు తేర్చే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పేరైతే దేశమంతా పోయింది, మా ఊళ్లో మాత్రం నలభై ఏళ్లకే నడుములు వంగిపోయేవి. ఆ అత్తమ్మకు మోకాళ్లు ముడుచుకోవు, కలుపుకు కూచోలేదు. మరి ఆమె చేన్లో కలుపెవరు తీయాలి? కలుపుకు పోయేవాళ్లంతా చంటిపిల్లల్ని ఆమె వాకిట్లో దించి పోయేవాళ్లు. వేపచెట్టుకు మూడు నాలుగు ఉయ్యాలలు వేలాడేవి. ఆ పూటకు ఆమెకు ఒక గీత. పిల్లల్ని చూడటం, ఎండలో కలుపు తీయడం, రెండూ ఒక దినమే. ఇప్పుడు హైదరాబాద్‌లో నా కోడలు ఉద్యోగానికి పోతే నేను మనవడిని చూస్తున్నాను. అందరూ "మీరు ఖాళీగానే ఉంటారు కదా ఆంటీ" అంటారు. వాళ్లకు ఆ గోడ చూపించాలనిపిస్తుంది!

ఇక ఊరు ఊరంతా ఒక్కటైన రాత్రులు ఉండేవి. అవి గొంగళి పురుగు రాత్రులు. మా ఎర్ర చెల్కల్లో ఆముదానికి అది పెద్ద శత్రువు. తొలకరి వాన పడగానే భూమిలో పడుకున్న పురుగు రెక్కలొచ్చి లేస్తుంది. అది గుడ్లు పెడితే ఇక అయిపోయినట్టే. ఎర్రగా, ఒళ్లంతా వెంట్రుకలతో పురుగు దండు కదిలి చేను మీద చేను తినుకుంటూ పోతుంది. రెండాకుల ఆముదం మొక్క పొద్దున చూస్తే పుల్ల మిగిలేది.

రెక్కల పురుగు మంటకు వచ్చి పడుతుంది కాబట్టి చేన్లలో మంటలు పెట్టాలి. ఇక్కడే ఉంది తిరకాసు. ఒక్కడే మంట పెడితే పక్క చేన్లలో పురుగంతా వాడి చేన్లోకే వస్తుంది. పెడితే అందరూ ఒకే రాత్రి పెట్టాలి. అందుకని డప్పు చాటింపు వేసేవాళ్లు. చీకటి పడ్డాక ప్రతి ఇంటినుంచీ కందికట్టె, కంప, పిడకలు మోసుకుని చేన్లకు పోయేవాళ్లం. గట్టెక్కి చూస్తే కనుచూపు మేర మంటలే. పురుగులు టపటపా పడుతుంటే పిల్లలం లెక్కపెట్టేవాళ్లం. గొంగడి కప్పుకుని అక్కడే నిద్రపోతే ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టేవాళ్లు.

అయినా కొన్ని మిగిలేవి. వాటి కోసం గట్టు వెంబడి జానెడు లోతు కాలువ తీసేవాళ్లు, అందులో పడ్డది ఎక్కలేదు. రాత్రి గట్ల మీద జిల్లేడు కొమ్మలు పరిచి, పొద్దున ఆ కొమ్మ ఎత్తితే కింద కుప్పలుగా పురుగు. ఏరేది ఎవరనుకున్నారు? ఆడవాళ్లే, పిల్లలే. చేతులంతా దురద. అమ్మ రాత్రి నా అరచేతులకు ఆముదం పట్టించి, తన చేతులు చూసుకోకుండానే పడుకునేది. ఈ పని మాత్రం గోడ మీదికి ఎక్కలేదు. నేనడిగితే, "పురుగు నాదని నీదని ఉంటదా" అంది.

మీ అమ్మమ్మ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. ఈ బదులు భూమి ఉన్నవాళ్ల మధ్యనే. చాటింపు వేసే డప్పు ఎవరి చేతిలో ఉండేదో, వాళ్ల ఇంటి ఆడవాళ్లకు మా గోడ మీద వరుస లేదు. వాళ్లు మా చేనుకొస్తే కూలి గింజలే, మానెడు జొన్నలు. అమ్మ కొలిచేటప్పుడు మానిక మీద గుప్పెడు ఎక్కువే పోసేది. అదొక్కటే తేడా చూపించగలిగేది. "వాళ్లతో బదులెందుకు పెట్టుకోవు?" అని ఒకసారి అడిగాను. "మనం తిరిగి పోయి చెయ్యనీకె వాళ్లకు చేనేది బిడ్డా?" అంది. మంచినీళ్ల బావి దగ్గర కూడా వాళ్లు వేరుగా నిలబడి, ఎవరైనా చేది పోస్తే పట్టుకుపోయేవాళ్లు. ఐకమత్యం అన్నప్పుడల్లా నాకు ఆ ఖాళీ బిందెలు గుర్తొస్తాయి.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. బోర్లు, బత్తాయి తోటలు, ఆ బోర్లు ఎండిపోవడం, ఆముదం పోయి పత్తి, కలుపుకు బదులు కలుపు మందు. నాయిన పోయాక పాసుబుక్కు తమ్ముడి పేరు మీదికి మారింది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 రూపాయల చొప్పున తమ్ముడికి చెక్కు వచ్చింది. అమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఎన్ని దినాల పైసలురా?" అని అడిగింది. తమ్ముడు నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ఆ మరుసటి ఏడు పాత ఇల్లు కూలగొట్టి స్లాబు ఇల్లు మొదలుపెట్టారు. ప్రతి పండక్కీ ఇల్లంతా సున్నం వేసినా తలుపు వెనక జానెడు జాగా అమ్మ వేయనిచ్చేది కాదు. తలుపు ఊడదీసిన రోజు నేను అక్కడే ఉన్నాను. కింద వరుసలో రెండు గీతలున్నాయి. ఎవరివి అంటే ఆ మోకాళ్ల అత్తమ్మవి అంది, "మనమే ఇయ్యాలె." అత్తమ్మ చనిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది.

ఆ ఎండాకాలమే అత్తమ్మ మనవరాలి పెళ్లి. పిలిచింది పెళ్లి రోజుకే. అమ్మ మాత్రం రెండు రోజుల ముందే పొద్దుపొద్దున్నే పోయి వాళ్ల వాకిట్లో కూచుంది. క్యాటరింగ్‌వాళ్లు వస్తారు, ఏం చేయనక్కర్లేదు పెద్దమ్మా అని వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. చాట అడిగి తీసుకుని, రెండు రోజులూ బియ్యంలో రాళ్లు ఏరింది. సంచీ బియ్యంలో రాళ్లేముంటాయి!