రూపాయి ఏ పద్దులో పడింది? మున్సిపల్ జీతాల చర్చలపై పాఠకుల ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం నగరపాలక సంస్థల కార్మికులూ సంఘ బాధ్యులూ పన్ను కట్టే పౌరులూ అడిగిన ప్రశ్నలివి. చర్చల్లో పెంపు ఎంత అన్నదాని మీదే అందరి చూపూ ఉంటుంది. దాన్ని ఏ పద్దు కింద రాశారన్నది అంతకన్నా ముఖ్యం. అందుకే కొన్నిచోట్ల లెక్కలు విడమరచి ఇచ్చాం.

ప్రశ్న: జీతం 15,000, హెల్త్ అలవెన్స్ 6,000, మొత్తం 21,000 అంటన్నారు. అలవెన్సుని జీతంలో కలిపేయాలని మా సంఘం అడుగుతంది. కలిపితే చేతికొచ్చేది తగ్గిపోద్దని కొందరంటన్నారు. మరి మాకేటి లాభం?
– పారిశుధ్య కార్మికురాలు, శ్రీకాకుళం

జవాబు: తగ్గుతుందమ్మా, ఆ మాట నిజమే. కానీ ఎంత తగ్గుతుందో, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చూడండి.

విడివిడిగా ఉన్నప్పుడు పీఎఫ్ 15,000 మీదే కోస్తారు. 12 శాతం లెక్కన 1,800. ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) చందా మొత్తం 21,000 మీద 0.75 శాతం, అంటే 158. వృత్తి పన్ను 200. చేతికి 18,842 వస్తుంది. రెండూ కలిపి 21,000 మీద పీఎఫ్ కోస్తే అది 2,520 అవుతుంది, చేతికి 18,122 వస్తుంది. నెలకు 720 తేడా. ఆ 720 మీ పీఎఫ్ ఖాతాలోకే వెళుతుంది. యజమాని కూడా అంతే అదనంగా వేయాలి. అంటే నెలకు 1,440, ఏడాదికి 17,280, పైగా వడ్డీ.

అసలు లాభం గ్రాట్యుటీలో, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ములో ఉంది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. 15,000 మీద ఏడాదికి 8,654 వస్తే 21,000 మీద 12,115 వస్తుంది. ఇరవై ఏళ్లు ఊడ్చిన మనిషికి మొదటి లెక్కలో 1,73,077, రెండో లెక్కలో 2,42,308. ఒక్క పద్దు మారినందుకు 69 వేల పైచిలుకు తేడా. 2023 డిసెంబరు 26న మొదలైన రాష్ట్రవ్యాప్త సమ్మెలో ఈ కలపడం గురించి అంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

కొత్త లేబర్ కోడ్‌లలో అలవెన్సులు సగం దాటితే జీతంలో కలుస్తాయి కదా, ఇంక గొడవెందుకు అని కొందరు అడుగుతున్నారు. ఆ నిబంధన ఇక్కడ ఉపయోగపడదు. 21,000లో సగం 10,500. మీ అలవెన్సు 6,000 మాత్రమే. పైగా పని స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చే సొమ్మును ‘వేతనం’ నిర్వచనం నుంచి తీసేశారు. హెల్త్ అలవెన్స్ ఆ కోవలోకే వస్తుందని అవతలివారు వాదించగలరు. పేరు అలవెన్సుగా ఉన్నంతకాలం ఆ వాదనకు తలుపు తెరిచే ఉంటుంది.

మీ సంఘం మూడు వాక్యాలు రాయించాలి. మొదటిది, 21,000 మొత్తం వేతనమే. రెండోది, పీఎఫ్ కూడా 21,000 మీదే. ఇది రాయకపోతే యజమాని చట్టబద్ధ పరిమితి అయిన 15,000 దగ్గరే ఆగిపోవచ్చు. మూడోది, యజమాని వాటా ఈ 21,000లో భాగం కాదు. ఔట్‌సోర్సింగ్‌లో మోసాలు చాలావరకు ఈ మూడో వాక్యం లేనిచోటే జరుగుతాయి. పీఎఫ్, ఈఎస్‌ఐలలో యజమాని వాటాను కూడా ‘ప్యాకేజీ’లో కలిపి చూపిస్తారు, కార్మికుడు రెండు వాటాలూ తానే కట్టుకుంటాడు.

ఒక్క హెచ్చరిక. కలిపినంత మాత్రాన పీఎఫ్ పింఛను పెరగదు. దాని లెక్క 15,000 పరిమితి దగ్గరే ఆగుతుంది. పెరుగుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

ప్రశ్న: ఈసారి 21,000 మీద ఇంకో వెయ్యి అడగాలనుకుంటున్నాం. ఈఎస్‌ఐ పోతుందని భయపెడుతున్నారు. నిజమేనా?
– సంఘ కార్యదర్శి, విజయనగరం

జవాబు: నిజమేనండి. ఇది రాసేనాటికి ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000. సరిగ్గా 21,000 ఉంటే లోపలే, ఒక్క రూపాయి దాటినా బయటే. కాకపోతే దాటిన మరునాడే కార్డు చెల్లకుండా పోదు. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మధ్యలో జీతం పెరిగితే ఆ కాలం ముగిసేదాకా చందా కడుతూనే ఉండాలి. ఏప్రిల్–సెప్టెంబరు చందాకు మరుసటి జనవరి నుంచి జూన్ వరకూ ప్రయోజనం ఉంటుంది. అక్టోబరు–మార్చి చందాకు జూలై నుంచి డిసెంబరు వరకూ ఉంటుంది.

కాబట్టి అమలు తేదీ విషయంలో జాగ్రత్త పడండి. పెంపు ఏప్రిల్ 1 నుంచి అయితే మార్చితో చందా ఆగి, ఆ డిసెంబరు 31తో వైద్యం ఆగుతుంది. అదే మే 1 నుంచి అయితే చందా సెప్టెంబరు దాకా సాగుతుంది, వైద్యం మరుసటి జూన్ 30 దాకా ఉంటుంది. ఒక నెల పెంపు వదులుకుంటే కుటుంబం మొత్తానికి ఆరు నెలల వైద్యం అదనంగా దక్కుతుంది. రోజూ చెత్తలో చేతులు పెట్టే మనిషికి ఆ వెయ్యి రూపాయల కంటే ఇది పెద్ద సంగతి. ఆ గడువులోగా ప్రత్యామ్నాయ ఆరోగ్య బీమా ఇస్తామన్న హామీని కూడా అదే ఒప్పందంలో రాయించండి. నోటిమాటగా వదలొద్దు.

ప్రశ్న: మేం ఇంటి పన్ను కడుతున్నాం. కమిషనర్ గారు ఇక్కడే కూర్చుని జీతాలు పెంచేస్తే సమ్మె ఉండదు కదా?
– గృహయజమాని, విజయనగరం

జవాబు: ఆయన చేతిలో లేదు. ఔట్‌సోర్సింగ్ వేతనాలు రాష్ట్ర ప్రభుత్వ జీవోతో ఖరారవుతాయి, నగరపాలక సంస్థ తన నిధుల్లోంచి చెల్లిస్తుంది. శ్రీకాకుళంలోనైతే 2010 తరువాత ఏళ్ల తరబడి ఎన్నికైన పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారి పాలనే సాగింది. జీతం గురించి కమిషనర్‌తో ఎన్నిసార్లు కూర్చున్నా ‘పైకి రాశాం’ అన్న జవాబే వస్తుంది. ఆయన పరిధిలోని విషయాలు వేరే ఉన్నాయి: సబ్బులు, కొబ్బరినూనె, చేతి తొడుగులు, రెయిన్‌కోట్లు, విరిగిన తోపుడు బండ్లు, మస్తరు (హాజరు) వేళలు, వారాంతపు సెలవు, పీఎఫ్ జమ ఆలస్యం. ఇవి ఊళ్లోనే తేలిపోతే రాష్ట్రస్థాయిలో జీతం మీదే మాట్లాడొచ్చు.

ప్రశ్న: సమ్మె నోటీసు ఇచ్చి పద్నాలుగు రోజులు ఆగితే చాలు కదా? క్రితంసారి మా సమ్మె చట్టవిరుద్ధం అన్నారు. ఎక్కడ తప్పు జరుగుతుంది?
– సంఘ బాధ్యుడు, శ్రీకాకుళం

జవాబు: పద్నాలుగు రోజులు మాత్రమే చాలవు. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. దాని 62వ సెక్షన్ ప్రకారం నోటీసు అందిన తరువాత 14 రోజులు గడవాలి, నోటీసులో రాసిన తేదీ రావాలి, సమ్మె 60 రోజుల లోపు మొదలవ్వాలి. 3వ తేదీన అందితే 18 కంటే ముందు దిగకండి. అరవై రోజులు దాటితే ఆ నోటీసు పనికిరాదు, మళ్లీ ఇవ్వాలి.

ఎక్కువమంది దెబ్బతినేది రాజీ చర్చల దగ్గర. నోటీసు అందాక కార్మిక శాఖ రాజీ అధికారి మొదటి సమావేశం పెట్టిన రోజునే రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. అది నడుస్తున్నన్నాళ్లూ, ముగిశాక మరో ఏడు రోజులూ సమ్మె చేయకూడదు. పదమూడో రోజున సమావేశం పెట్టారనుకోండి, పదిహేనో రోజున మీరు దిగితే ఆ సమ్మె చట్టవిరుద్ధం అవుతుంది. వెయ్యి నుంచి పదివేల వరకూ జరిమానా లేదా నెల వరకూ జైలు, ఒక్కోసారి రెండూ పడవచ్చు. అందుకే నోటీసు ఇచ్చిన రోజే రాజీ అధికారికి ప్రతి ఇచ్చి, మొదటి వారంలోనే సమావేశం పెట్టమని లిఖితంగా కోరండి. సమ్మె నోటీసు ఉన్న కేసులో ఆయన 14 రోజుల్లో నివేదిక పంపాలి. ఆ గడువు ఎంత ముందు మొదలైతే మీకు అంత మంచిది.

సమ్మె అనకుండా అందరూ ఒకేరోజు సెలవు పెడదామన్న ఉపాయమూ ఇప్పుడు చెల్లదు. ఒకరోజు సగం మంది, అంతకు మించి మూకుమ్మడి సెలవు పెడితే అదీ సమ్మెగానే లెక్క.

నోటీసు ఎవరికివ్వాలన్న దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ద్వారా జీతం పడేవారికి కాగితం మీద యజమాని ఒకరు, పని చేయించేది మరొకరు. కమిషనర్‌కు, ఆప్కాస్‌కు, పురపాలక శాఖ డైరెక్టర్‌కు, కార్మిక శాఖకు నాలుగు ప్రతులు ఇవ్వండి. ప్రతిదాని మీదా ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ‘మాకు అందలేదు’ అన్న ఒక్క మాటతో రెండు వారాలు వృథా అవుతాయి.

ఒప్పందం కుదిరితే రాజీ అధికారి ముందే సంతకాలు చేయండి. అప్పుడు అది సంఘంలో లేని కార్మికులకూ వర్తిస్తుంది. విడిగా చేసుకున్నది సంతకం పెట్టిన పక్షాలకే పరిమితం. చర్చల మినిట్స్‌ను ఒప్పందంగా పొరపడొద్దు. ‘పరిశీలిస్తాం’, ‘సానుకూలంగా ఉన్నాం’ అన్న మాటలకు విలువ లేదు. జీవో ఏ తేదీలోగా వస్తుంది, ఏ తేదీ నుంచి అమలు, బకాయిలు ఎన్ని విడతల్లో, సమ్మె రోజుల జీతం సంగతేమిటి, కేసులు ఎత్తివేస్తారా – ఈ అయిదూ అంకెలతో, తేదీలతో ఉండాలి.

ప్రశ్న: రథసప్తమికి అరసవల్లిలో రాత్రంతా పని చేయిస్తారు. సిరిమానోత్సవానికి విజయనగరంలోనూ అంతే. అదనపు డబ్బు అడిగితే ‘ఉత్సవం కదా’ అంటారు. ఎంత రావాలి?
– మేస్త్రి, శ్రీకాకుళం

జవాబు: భక్తి వేరు, కూలి వేరు. రోజువారీ పని గంటలు దాటితే రెట్టింపు రేటు ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. 21,000ను 26తో భాగిస్తే రోజుకు 807.69. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 100.96, రెట్టింపు 201.92. రాత్రి ఆరు గంటలు అదనంగా చేస్తే 1,211 పైచిలుకు. 30తో భాగిస్తే గంటకు 175కి పడిపోతుంది, కాబట్టి 26 అన్న అంకెను ముందే ఒప్పించుకోండి.

అడిగినా రాకపోవడానికి అసలు కారణం రికార్డు లేకపోవడం. ముఖం చూపించే హాజరు పొద్దుటి మస్తరుకే పడుతుంది, రాత్రి పని ఎక్కడా నమోదు కాదు. ఉత్సవానికి వారం ముందే డ్యూటీ ఆర్డరు కాగితం మీద అడగండి. పేర్లు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసిన పుస్తకంలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేత ఆ రాత్రే సంతకం పెట్టించి, ఫొటో తీసి ఉంచుకోండి. బకాయి కోసం ఫిర్యాదు చేయడానికి మూడేళ్ల గడువు ఉంది.

ప్రశ్న: మంచినీటి పంపుహౌస్‌లో ఫిట్టర్ పని చేస్తున్నాను. కేటగిరీ మాత్రం నైపుణ్యం లేని కార్మికుడిగా ఉంది. చర్చల్లో దీన్ని పెట్టవచ్చా?
– ఇంజనీరింగ్ విభాగం కార్మికుడు, విజయనగరం

జవాబు: తప్పకుండా పెట్టండి. 2022 జనవరి జీవోలో ఔట్‌సోర్సింగ్ వేతనాలకు మూడు మెట్లు పెట్టారు: 15,000, 18,500, 21,500. ఆ రేట్ల ప్రకారం కింది మెట్టు నుంచి మధ్య మెట్టుకు ఎక్కితే ఏడాదికి 42,000 తేడా. రేటు పెంచమనడం కంటే కేటగిరీ సరిచేయమనడం తేలిక, ఎందుకంటే ఉన్న జీవోనే అమలు చేయమని అడుగుతున్నారు. ఐటీఐ సర్టిఫికెట్, మీ సంతకాలున్న పంపుహౌస్ లాగ్‌బుక్ పేజీలు, మీ పేరుతో వచ్చిన పని ఆదేశాలు జతచేసి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ద్వారా దరఖాస్తు పంపండి. ఒక్కరుగా వెళ్లకుండా మీలాంటి వారందరి జాబితా తయారుచేసి, ఉమ్మడి తనిఖీకి తేదీ అడగండి. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని 2016 అక్టోబరులో పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తులో ఆ తీర్పును ప్రస్తావించండి. కానీ తనిఖీ రోజున అధికారులు ముందుగా చూసేది లాగ్‌బుక్‌నే, కనుక ఈరోజు నుంచే ప్రతి షిఫ్టుకూ మీ పేరు, మీరు చేసిన పని అందులో రాయండి.