అమ్మే ఆలోచన లేకపోయినా ఇంటికి విలువ కట్టించాలా?

ఒడిశాలోని బరంపురంలో నాన్నగారి నాటి ఇంటిపై మేడ వేసి, వంటగది కొత్తగా కట్టించామని, ఇప్పట్లో అమ్మే ఉద్దేశం లేకుండా విలువ కట్టించడం దండగేమోనని అడిగారు.

ఊరికే తెలుసుకోవాలంటే దండగే. వీధిలో ఈమధ్య జరిగిన అమ్మకాలు విచారిస్తే చాలు. అన్నదమ్ముల పంపకం ఉంటే మాత్రం గుర్తింపు పొందిన వాల్యుయర్ చేత రాతపూర్వక నివేదిక తప్పక తీసుకోండి. రుణానికైతే తొందరపడకండి, బ్యాంకు తన ప్యానెల్‌లోని వాల్యుయర్‌నే పంపుతుంది. రిజిస్ట్రేషన్ శాఖ బెంచ్‌మార్కు విలువ, అంటే ప్రభుత్వం నిర్ణయించిన కనీస విలువ, స్టాంపు డ్యూటీ కోసం పెట్టింది. మీ టేకు తలుపుల నాణ్యత దానికి పట్టదు.

అంతకన్నా ముందు పట్టా తీసి కిసం, అంటే భూమి రకం, చూడండి. అక్కడ ‘ఘరబారి’ (ఇంటి స్థలం) అని కాకుండా ఇంకా సాగుభూమి అనే ఉంటే, ఎంత ఖర్చు పెట్టి కట్టినా విలువ దగ్గరా రుణం దగ్గరా చిక్కే. మార్పిడికి తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి.

మేడ కట్టిన బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన చెల్లింపుల రసీదులు భద్రపరచండి. ఎప్పుడైనా అమ్మితే ఆ ఖర్చును లాభంలోంచి మినహాయించుకోవచ్చు. సున్నం వేయించడం, చిల్లర మరమ్మతులు అందులోకి రావు. 2024 జూలై 23కు ముందు సంక్రమించిన ఇంటికి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు పాత ఖర్చును పెంచి లెక్కించడం) 20 శాతం, అది లేకుండా 12.5 శాతం లెక్కల్లో ఏది తక్కువైతే అంతే పన్ను.